పద్నాలుగో మర నీడ

ఏడు గంటల ఎండకు నీడ పడమటి వాలులో బండరాళ్ల దాకా సాగింది. మాబాషా చెక్కపీటను రెండడుగులు కుడికి జరిపి, దాని మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కాచుకున్నాడు. గాలిమర రెక్క నీడ నేల మీద పాకుతూ వచ్చి అతని కాళ్ల మీదుగా, పొట్ట మీదుగా, ముఖం మీదుగా పోయింది. పోయిన ఆ ఒక్క లిప్తలో తలనొప్పి లేదు. నీడ దాటగానే మళ్లీ వచ్చింది. రెండో రెక్క నీడ వచ్చింది, నొప్పి పోయింది. మూడోది వచ్చింది, పోయింది. పదహారేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది.

గుమ్మఘట్ట దాటాక ఎర్రమిట్ట మీద ఇరవై రెండు గాలిమరలున్నాయి. వాటిలో పద్నాలుగో మరకు పగటి కాపలాదారు మాబాషా. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా రాగి తీగల దొంగలు రాకుండా చూడాలి. మర తిరుగుతోందో ఆగిందో గంటకోసారి రిజిస్టరులో రాయాలి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కండబలం అక్కర్లేదు. తలెత్తి చూడటానికి మెడ ఒక్కటి ఉంటే చాలు. మాబాషాకు లేనిది అదే.

అతని మెడలో మూడు ఎముకలను కలిపి ఒకటి చేశారు. ముందు వైపు ఒక రేకు, ఆరు స్క్రూలు. ఆ ఎముకల మధ్య ఇరికించడానికి తుంటి నుంచి ముక్క తీశారు. పగలంతా మెడపట్టీ పెట్టుకుంటాడు. దాని అంచు పైన, గొంతు కుడివైపు వేలెడు పొడవున కోత మచ్చ ఉంది. కొత్తవాళ్లు దాన్ని చూసి ఎవరో కత్తితో కోశారనో, తనే ఏదో అఘాయిత్యం చేసుకున్నాడనో అనుకుంటారు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిరగదు, మనిషి మొత్తం తిరుగుతాడు. ఆ తిరగడం చూసి ఇతగాడికి ఎంత పొగరో అనుకున్నవాళ్లూ ఉన్నారు.

తలనొప్పి మాత్రం ఆపరేషన్ తర్వాత వచ్చింది. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట పుడుతుంది. కుడివైపుగా పుర్రె ఎక్కి కంటి వెనక వచ్చి కూర్చుంటుంది. చెవిలో ఎప్పుడూ ఒక హోరు. "ఈ నొప్పి నీ తలది కాదు, మెడది. తలలోకి అద్దెకొచ్చింది" అన్నాడు బెంగళూరు డాక్టరు నవ్వుతూ. అద్దెకొచ్చినవాడు ఇంతవరకు ఇల్లు ఖాళీ చేయలేదు. ఆ తర్వాత నాలుగుసార్లు స్కానింగు తీశారు. రేకు దాని చోటనే ఉంది, స్క్రూలు వాటి చోటనే ఉన్నాయి, ఫొటోలో నొప్పి మాత్రం ఎక్కడా కనబడలేదు. కనబడలేదు కాబట్టి అన్నదమ్ములు కూడా పని దొంగ అని చాటుగా అనుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట అతని చెవిన పడింది. ఇప్పటికీ దిగమింగుకోలేకపోయాడు.

మాబాషా తాత దూదేకేవాడు. విల్లు నారి మీద కొయ్య గుండుతో కొడితే టుంగుమని మోగి దూది పింజలు పింజలుగా లేచేది. అరుగు మీద ఆ చప్పుడు వింటూ పెరిగినవాడు కాబట్టి మాబాషాకు నొప్పిని వేరే దేనితోనూ పోల్చడం రాదు. కంటి వెనక ఎవరో కూర్చుని తీరిగ్గా దూదేకుతూ ఉంటారు. రెక్క నీడ పడ్డప్పుడు ఆ చెయ్యి ఆగుతుంది.

దెబ్బ తగిలింది కూడా ఈ మర దగ్గరే. అప్పుడతనికి ముప్పై ఎనిమిదేళ్లు. మర నిలబెడుతున్నారు. క్రేను మూడో రెక్కను పైకి లేపుతుంటే, అది గాలికి ఊగకుండా కింద తాడు పట్టుకునే కూలీల్లో అతనొకడు. పైకి చూడొద్దని, తాడే చూడమని మేస్త్రీ చెప్పాడు. అంత పెద్ద రెక్క ఆకాశంలోకి పోతుంటే చూడకుండా ఎవడుంటాడు? మాబాషా తలెత్తి చూశాడు. అప్పుడే ఒక్క గాలి విసురు వచ్చింది. తాడు అతన్ని మనిషెత్తు లేపి, మెడ కిందుగా బండ మీద పడేసింది. అతను తలెత్తి చూసిన ఆఖరి వస్తువు ఆ రెక్క. ఆపరేషన్ ఖర్చు కంపెనీయే పెట్టుకుంది, కాపలా పనీ ఇచ్చింది. పనిలో చేరిన మొదటిరోజే, నొప్పితో కళ్లు మూసుకుని కూర్చుంటే ముఖం మీదుగా నీడ పోయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చెక్కిందంటారని భయం.

ఎనిమిదైంది. లేచి వెళ్లి మర మొదట్లో ఉన్న సిమెంటు దిమ్మె మీది రిజిస్టరు తెరిచాడు. దారం కట్టిన పెన్నుతో ఎనిమిది గంటల గడిలో "తిరుగుతాంది" అని రాశాడు. మాట్లాడినట్టే రాయడం అతని అలవాటు. పక్కనే పచ్చ ప్లాస్టిక్ అంచున్న గుండ్రటి గడ్డం అద్దం వెల్లకిలా పెట్టి ఉంది. ఆపరేషనైన ఏడు భార్య జుబేదాబీ పెనుకొండ ఉరుసులో కొనిచ్చింది. మసీదు మెట్ల మీద అందరూ తలెత్తి రంజాన్ నెలవంకను చూస్తుంటే, మాబాషా ఆ ఏడు చంద్రుణ్ణి ఆ అద్దంలోనే చూశాడు. రోజూ పొద్దున ఒకసారి అందులోకి వంగి, రెక్కలు తిరగడం చూసి, ఇక సాయంత్రం దాకా నీడను నమ్ముకుంటాడు.

తొమ్మిది దాటాక ఓబిలేష్ గొర్రెలు తోలుకుని మిట్టెక్కాడు. శ్రావణం సగం పోయినా చినుకు లేదు. చుట్టూ చేలల్లో వేరుశనగ జానెడు లేచి ఎండిపోయింది. గొర్రెలు ఆ ఎండాకు కోసం మూతులు నేలకు పెట్టి వస్తూ వస్తూ, తిరుగుతున్న నీడ అంచు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి అవతలికి పోయాయి. ఆ నీడలో అవి ఎన్నడూ కాలు పెట్టలేదు. మిగతా మరల నీడల్లో మాత్రం హాయిగా పడుకుంటాయి.

"మాబాషన్నా, విన్యావా? నీ ఫ్యాను ఈ పొద్దు శాశ్వతంగా నిలిపేస్తారంట" అన్నాడు ఓబిలేష్.

మాబాషా మొత్తం తిరిగాడు. "ఎవురు చెప్పినారప్పా?"

"కంపెనీ జీపు డ్రైవరు. దీన్ని పీకి, పెద్దది పెడతారంట. మంచిదేలే. దీని నీడంటే మా గొర్రెలకు సుతరామూ పడదు."

ఓబిలేష్ తన గొర్రెల వెంట వెళ్లిపోయాడు. మాబాషాకు భయం పట్టుకుంది. పని పోతుందని కాదు. పని పోతే ఇంకో పని. ఈ నీడ పోతే ఇంకో నీడ లేదు. తక్కిన ఇరవై ఒక్క మరల కిందా అతను కూర్చుని చూశాడు, ఏ నీడా నొప్పిని ముట్టలేదు. రెక్క రెక్కకూ దొరికే ఆ లిప్త కూడా లేకపోతే ఎట్లా బతకాలో అతనికి తెలియలేదు.

పదకొండింటికి జీపు వచ్చింది. దిగినవాడు ప్రణీత్, కంపెనీ ఇంజనీరు. కృష్ణా జిల్లా కుర్రాడు, పాతికేళ్లుంటాయి, నెమ్మదైనవాడు. దిమ్మె దగ్గర నిలబడి రిజిస్టరు తిప్పుతూ, చేతిలోని ఫోనుతో సరిచూసుకుంటూ ముఖం చిట్లించాడు.

"పెద్దాయనా, ఒకసారి ఇలా రండి. ఈ నెల రెండో తారీఖు నుంచి ఆరు దాకా ఈ మర ఆగిపోయి ఉంది. గేరు పెట్టె చెడిపోయింది. ఆఫీసు కంప్యూటర్లో ఉంది. మీరు ఐదు రోజులూ తిరుగుతోందని రాశారేంటి?"

"తిరిగింది సార్."

"తిరగలేదండీ. రాత్రి కాపలా అతను కూడా ఆగిందనే రాశాడు. ఇదిగో, పక్క పేజీ."

"నేను ఈడనే కూసోనుంటి కదా సార్. నీడ తిరుగుతానే ఉన్నింది."

"నీడేంటి? పైకి చూడలేదా మీరు?"

"పైకి సూసేది యాడిది సార్, ఈ మెడతో?"

ప్రణీత్ అతని మెడపట్టీని, మచ్చను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. పదహారేళ్లుగా తలెత్తలేని మనిషి గాలిమరను కాపలా కాస్తున్నాడని అతనికి ఇప్పుడు అర్థమైంది. దిమ్మె మీది అద్దం చూపించి, అందులో చూసుకోవచ్చు కదా అన్నాడు.

"సూసినాను సార్. అద్దంలోనూ తిరిగింది" అన్నాడు మాబాషా.

ప్రణీత్ తల అడ్డంగా ఊపాడు. మూడు గంటలకు మరను పూర్తిగా ఆపేస్తామని, తప్పుడు రాతలు రాసినవాణ్ణి కొత్త మరల దగ్గర పెట్టుకోమంటే ఆఫీసు ఒప్పుకోదని చెప్పి, మిగతా మరలు చూడటానికి జీపెక్కాడు. మాబాషా అక్కడే నిలబడిపోయాడు. పదహారేళ్లలో ఒక్క గడి అబద్ధం రాయలేదు. పని దొంగ అన్న మాట ఒకసారి పడ్డాడు, ఇప్పుడు రాత దొంగ అని కూడా అనిపించుకోవాలా అని అతనికి ఏడుపొచ్చింది.

మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చాడు. ఏటా ఈ కొద్ది రోజులూ ఈ వేళకు మర కంబానికి నీడే పడదు, రెక్కల నీడ కూడా మర మొదలు దగ్గర సన్నగా గీతలా కదులుతుంది. నొప్పి ఎక్కువయ్యేది ఆ వేళకే. జుబేదాబీ సంగటి, ఊరిబిండి పచ్చడి, చిన్న ఉప్పు మూట పట్టుకుని రెండు మైళ్లు నడిచి వచ్చింది. మూడు రాళ్ల మధ్య పుల్లలు అంటించి, పెనం మీద మూటను కాచి, అతని మెడ వెనక కాపడం పెట్టింది. పెళ్లినాడు సన్నగా ఉండిన ఆమె చేతులు పొయ్యి సెగకు, చేని పనికి మొద్దుబారాయి. అయినా ఎక్కడ నొక్కాలో వాటికి తెలుసు.

"దీన్ని ఈ పొద్దు నిలుపుతారంటమ్మే" అన్నాడు మాబాషా. ఆ తర్వాత ఆగలేక నీడ సంగతి అంతా చెప్పేశాడు.

జుబేదాబీ చెయ్యి ఆగింది.

"పదారేండ్లు దినామూ నా చేత కాపడం పెట్టిచ్చుకుంటివి. తగ్గిందా అంటే తగ్గిందంటివి."

"నువ్వు బాధపడతావని."

"ఆ నీడకు చెప్పుకున్న బాధ నాకు చెప్పుకోలేకపోతివే." ఆమె కళ్లు తుడుచుకుని, మూటను మళ్లీ పెనం మీద పెట్టింది. "కానీలే. సాయంత్రం నేనే వస్తా, ఇద్దరం కలిసి ఇంటికి పోదాం. నొప్పో గిప్పో, నేను చూసుకుంటా."

పోయే ముందు మాబాషా ఆమెను పైకి చూడమన్నాడు. తిరుగుతాందా అని అడిగాడు. తిరుగుతాంది అంది. మెడ అంత తేలిగ్గా వెనక్కి వాల్చి చూసింది. ఆ వాల్చడం చూసి అతనికి అసూయ కలిగింది.

మూడింటికి ప్రణీత్ మర లోపలికి వెళ్లి మీట నొక్కాడు. పైనెక్కడో ఇనుము ఇనుమును పట్టుకున్న మూలుగు మిట్టంతా వినిపించింది. గాలి కోసే చప్పుడు నెమ్మదై, నెమ్మదై, నిలిచిపోయింది. ప్రణీత్ బయటికి వచ్చి తలెత్తి చూసి, రిజిస్టరు చేతికిచ్చాడు.

"ఆగింది. మూడు గంటల గడిలో అది రాసి సంతకం పెట్టండి. పాతవి చూపు ఆనక పొరబాటున రాశారని నేను చెప్పుకుంటాను. కొత్త చోట పని ఇప్పించే పూచీ నాది."

కుర్రాడు మంచివాడు. అంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? మాబాషా పెన్ను పట్టుకుని నేల వైపు చూశాడు. నీడ అప్పటికి తూర్పుకు మళ్లింది. ఎర్రమట్టి మీద మూడు రెక్కలు ఒకదాని వెనక ఒకటి, పొద్దుటిలాగే, తొందరలేకుండా తిరుగుతున్నాయి. అతను దిమ్మె మీది అద్దంలోకి వంగాడు. అందులోనూ తిరుగుతున్నాయి.

"సార్, ఒగసారి కిందికి సూడండి."

ప్రణీత్ చూశాడు. "నిలిచిపోయింది కదండీ. కదలట్లేదు."

"కదల్లేదా?"

"లేదు పెద్దాయనా." ఆ పిల్లాడి గొంతులో జాలి ఉంది.

మాబాషా మళ్లీ నేల వైపు చూశాడు. రెక్క నీడ వచ్చి అతని పాదాల మీదుగా, చేతిలోని రిజిస్టరు మీదుగా, ముఖం మీదుగా పోయింది, నొప్పి ఎప్పటిలాగే తెగింది. ఎదురుగా నిలబడ్డ మనిషికి అది కనబడటం లేదు. పదహారేళ్లుగా నొప్పి కూడా ఇంతే, ఫొటోల్లో కనబడలేదు, అన్నదమ్ములకు కనబడలేదు. కనబడనంత మాత్రాన లేదని ఎట్లా రాస్తాడు? ఈ గడిలో ఆగిందని రాస్తే నొప్పి కూడా అబద్ధమేనని తన చేత్తో తను ఒప్పుకున్నట్టే. పని కావాలి, తప్పుడు మనిషి కాదనిపించుకోవడం అంతకంటే కావాలి. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. తిరుగుతాంది.

ప్రణీత్ చదివి రిజిస్టరును దిమ్మె మీద పెట్టాడు. ఆరింటికి వచ్చి తాళాలు తీసుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు.

నాలుగు గంటలకు మాబాషా పీటను తూర్పు వాలులోకి జరుపుకున్నాడు. నాలుగు దాటాక ఒక కొత్త సంగతి గమనించాడు. నీడ దాటిపోయాక కూడా నొప్పి వెంటనే రావడం లేదు. రెండు రెక్కల మధ్య కాసేపు ఊరికే ఉంటోంది. కంటి వెనక దూదేకే చెయ్యి అలిసిపోయినట్టుంది. ఓబిలేష్ గొర్రెల్ని మళ్లించుకుంటూ అటుగా వచ్చాడు. గొర్రెలు నేల మీద ఒక అంచు దగ్గర బారుగా ఆగి, ముందుకాళ్లు ఎత్తి ఎత్తి దించి, చుట్టూ తిరిగిపోయాయి.

"నిలిచిపోయిన నీడకు కూడా జడుస్తాండాయే, తిక్క ముండలు" అన్నాడు ఓబిలేష్. కర్రతో అదిలించినా ఒక్కటి కూడా లోపల కాలు పెట్టలేదు. మాబాషా నవ్వాడు. అతను నవ్వగా ఓబిలేష్ చూసి చాలా కాలమైంది.

అయిదింటికి మాబాషా దిమ్మె దగ్గరికి వెళ్లి రాయాల్సింది రాశాడు. మెడపట్టీ విప్పి, మడిచి, రిజిస్టరు పక్కన పెట్టాడు. తాళాల గుత్తి దాని మీద పెట్టాడు. అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి వెల్లకిలా ఉంచాడు. నీడ అప్పటికి మిట్ట దిగి, ఎండిన వేరుశనగ చేలోకి సాగుతోంది. దాని కొసను పట్టుకోవాలంటే నడవాలి. పీట అక్కడే వదిలేసి, పొలం నుంచి ఇంటికి మళ్లే మనిషిలా నిదానంగా వాలు దిగాడు. రెక్కలు వెనక నుంచి వచ్చి అతన్ని దాటి, ముందుకు పోయి, మళ్లీ వెనక నుంచి వస్తున్నాయి.

ఆరు దాటాక జుబేదాబీ వచ్చింది. ఖాళీ పీట చూసి కేకేసింది. అప్పుడే జీపు దిగిన ప్రణీత్, దిగువన గొర్రెల దగ్గరున్న ఓబిలేష్ కూడా వెతికారు. చేను మధ్యలో, మర నీడ కొస సన్నగా చెరిగిపోతున్న చోట మాబాషా వెల్లకిలా పడి ఉన్నాడు. ఒంటి మీద దెబ్బ లేదు, ముఖంలో బాధ లేదు. కళ్లు తెరిచి ఉన్నాయి. తల మాత్రం వెనక్కి, బాగా వెనక్కి వాలి, ఆకాశం వైపు ఎత్తి ఉంది.

"మెడ ఎట్ల వంగిందప్పా?" అన్నాడు ఓబిలేష్.

జుబేదాబీ కింద కూర్చుని అతని తల ఒళ్లో పెట్టుకుంది. మెడ వెనక చెయ్యి పెట్టింది. ఎప్పుడూ కొయ్యలా బిగుసుకుని ఉండే చోటు మెత్తగా ఉంది. పదహారేళ్లలో తన చేతికి దొరకని మెత్తదనం అది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

మంచం తేవడానికి ఓబిలేష్ ఊళ్లోకి పరిగెత్తాడు. ప్రణీత్ చేనులో శవం దగ్గర నిలబడ్డాడు. జుబేదాబీ భర్త సామాను తెచ్చుకోవడానికి ఒక్కతే మిట్టెక్కింది. తాళాలు, మెడపట్టీ కొంగులో వేసుకుంది. తెరిచి ఉన్న రిజిస్టరులో అయిదు గంటల గడి చదివింది. ఆమె అయిదో తరగతి దాకా చదువుకుంది. "తిరుగుతాంది. నొప్పి లేదు" అని ఉంది. ఆరు గంటల గడి ఖాళీగా ఉంది.

చివరగా అద్దం తీయబోయి, అందులోకి వంగి చూసింది. చూసి తలెత్తింది. పైన మూడు రెక్కలూ కదలకుండా నిలబడి ఉన్నాయి. మళ్లీ అద్దంలోకి వంగింది. ఈసారి చాలాసేపు చూసింది. తర్వాత దారం కట్టిన పెన్ను తీసుకుని, ఆరు గంటల గడిలో, భర్త రాసినట్టే, తిరుగుతాంది అని రాసి కింద తన పేరు పెట్టింది.

ఆమె చేతిలోని రిజిస్టరు తీసుకోవడానికి ప్రణీత్ చేను గట్టు దాకా ఎదురొచ్చాడు. ఆ గడి చూశాడు, ఆమె ముఖం చూశాడు, రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరూ చేను వైపు దిగారు.

అద్దాన్ని ఆమె తేలేదు. పచ్చ అంచు అద్దం దిమ్మె మీద వెల్లకిలా ఉంది, ఆగిపోయిన మర కింద, మిగిలిన కాస్త వెలుతురులో, ఒక రెక్క దానిలోంచి దాటిపోయింది, దాని వెనక ఇంకొకటి వచ్చింది.